సెటిల్‌మెంట్ కంపెనీకి పైసలు కట్టే ముందు: మీ బాకీ మీరే ఎలా తెంపుకోవాలి

రెండు మూడు కిస్తీలు తప్పినోళ్లు ఫోన్‌లో ఒక్కసారి "లోన్ సెటిల్‌మెంట్" అని వెతికితే చాలు, ఆ సాయంత్రం నుంచే ప్రకటనలు వెంటపడతాయి. మీ అప్పు సగం మాఫీ, రికవరీ ఫోన్లు బంద్, అంతా మా లాయర్లే చూసుకుంటారు. నేను హన్మకొండలో ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. పిల్లలకు చక్రవడ్డీ బోర్డు మీద వేసి చూపించే మనిషినే, అయినా 2023లో అలాంటి కంపెనీ ఒకదానికి ఏడు నెలలు పైసలు కట్టాను. కాబట్టి ఇక్కడ రాసేదంతా నా చేయి కాలిన తర్వాత నేర్చుకున్నదే.

నా లెక్క ముందు చెప్తాను, మీది పక్కన పెట్టి చూసుకోండి. ఒక కార్డు మీద 1,42,000, ఇంకో కార్డు మీద 68,000, పర్సనల్ లోన్ 2,60,000. కంపెనీ చేరిక ఫీజు 9,000, ఆపైన నెలకు 4,500. ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, "సార్, మీరు టెన్షన్ పడకండి, నేటి నుంచి ఒక్క ఈఎంఐ కూడా కట్టకండి, ఫోన్లు వస్తే మా నంబర్ ఇవ్వండి" అంది. నేను ఆపేశాను. కంపెనీకి మాత్రం ఠంచనుగా కట్టాను. మొత్తం 40,500 పోయింది. మొదటి కార్డు బాకీ మిత్తి, లేట్ ఫీజు, వాటి మీద జీఎస్‌టీ కలిసి ఎనిమిది నెలల్లో 2,10,000 దాటింది. కంపెనీ ఆ బ్యాంకుకు పంపింది ఒకే ఒక్క ఈమెయిల్ అని నాకు తర్వాత బ్రాంచిలో తెలిసింది.

మొట్టమొదట చూసుకోవాల్సింది, మీకు అసలు సెటిల్‌మెంట్ అవసరమా అన్నది. ఇబ్బందిగానైనా కిస్తీ కట్టగలుగుతుంటే దాని జోలికి పోవద్దు. సెటిల్‌మెంట్ అంటే బాకీలో కొంత వదిలేసుకోమని బ్యాంకును అడగడం, బ్యాంకు వదిలేస్తే మీ క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా పక్కన "క్లోజ్డ్" బదులు "సెటిల్డ్" అని పడుతుంది, ఆ మాట ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. కాబట్టి దానికంటే ముందు చూడాల్సినవి ఉన్నాయి. కార్డు బాకీని ఈఎంఐలుగా మార్చమని అడగండి, మిత్తి చాలా తగ్గుతుంది. పర్సనల్ లోన్ అయితే గడువు పెంచి కిస్తీ తగ్గించమని అడగండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువ పెట్టి కార్డు కట్టేయడం కూడా ఆలోచించండి, ఇజ్జత్ పోతదని చాలామంది వెనకాడతారు గాని మన ఊళ్లో ఎవరైనా నూటికి మూడున్నర రూపాయల మిత్తికి అప్పిస్తానంటే వాడిని దొంగ అంటాం, క్రెడిట్ కార్డు మిత్తి సుమారుగా అంతే, దాని మీద జీఎస్‌టీ అదనం. బంగారం లోన్ మిత్తి అందులో మూడో వంతు కూడా ఉండదు.

గిరిగిరి వాళ్ల దగ్గర, అంటే భారీ మిత్తికి చేతి అప్పులిచ్చే వాళ్ల దగ్గర, తెచ్చి కార్డు కట్టడం మాత్రం వద్దు. అది పెనం మీంచి పొయ్యిలో పడటమే.

ఇల్లు, బంగారం, బండి తాకట్టు ఉన్న లోన్లకు ఈ సెటిల్‌మెంట్ మాటలు సరిపోవు. బ్యాంకు చేతిలో వస్తువుంది, వాడు ఎందుకు వదిలేస్తాడు? ఇంటి లోన్ ఎన్‌పీఏ (మొండి బాకీ) అయితే, అంటే కిస్తీ తప్పి 90 రోజులు దాటితే, సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటి మీదికి రావచ్చు. ఇంటి లోన్ కిస్తీ ఆపి కార్డు కట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషితో మాట్లాడటం మానేయండి.

ఇంకో మాట. రైతు రుణమాఫీ చూసి చూసి మన దగ్గర చాలామందికి బ్యాంకు అప్పు ఆగితే ఏదో ఒకరోజు మాఫీ అవుతుందనే నమ్మకం ఉంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం చేసింది 2 లక్షల దాకా పంట రుణాలకు, ఆ పైసలు ప్రభుత్వం కట్టింది. మీ కార్డు బాకీ ఎవరూ కట్టరు. బ్యాంకు "రైటాఫ్" చేసిందని రిపోర్టులో కనిపించినా అది మాఫీ కాదు, వాళ్ల పద్దుల్లో సర్దుబాటు మాత్రమే, వసూలు నడుస్తూనే ఉంటుంది. నన్ను ఆ అమ్మాయి "సార్, మీది రైటాఫ్ కాగానే చాలా తక్కువకు అయిపోతుంది" అని ఊరించింది.

సరే, కిస్తీ కట్టలేని పరిస్థితే అనుకుందాం. ఒక పొడుగు నోట్‌బుక్ కొనండి. ఫోన్‌లో రాసుకుంటానంటే కుదరదు, ఆ ఫోన్ మోగుతూనే ఉంటుంది. మొదటి పేజీలో ప్రతి అప్పుకు ఒక వరస: ఎవరిది, ఖాతా నంబర్, అసలు ఎంత, ఇవాళ్టికి ఎంత, చివరి కిస్తీ ఎప్పుడు కట్టారు, జమానతు ఎవరైనా ఉన్నారా. బ్యాంకు పేరు తెలుసనుకుంటాం గాని చాలా యాప్ లోన్లలో యాప్ పేరు ఒకటి, అప్పు ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకొకటి. అది తేల్చుకోవడానికి క్రెడిట్ రిపోర్టు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి, ఒక్కొక్కటి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, ఆర్‌బీఐ రూలే. వాటి సొంత సైట్‌లోనే తీయండి, మధ్యలో "మీ స్కోరు ఉచితంగా చూపిస్తాం" అనే యాప్‌లకు మీ నంబర్ ఇస్తే మళ్లీ ఫోన్లు మొదలు.

జమానతు ఉన్న అప్పుంటే దాన్ని పైన పెట్టండి. మీరు ఆపితే బ్యాంకు వాళ్ల ఇంటికి పోతుంది. నా పర్సనల్ లోన్‌కు జమానతు లేదు కాబట్టి బతికిపోయాను, మా బావ సంతకం పెట్టి ఉంటే ఇవాళ మా అక్క నాతో మాట్లాడేది కాదు.

ఇప్పుడు కంపెనీ సంగతి. మీకు ఫోన్ వచ్చినప్పుడు వాళ్లు చెప్పేది వినకండి, మీరు అడగండి. పని కాకముందే ఫీజు ఎందుకు? ఈ ఒక్క ప్రశ్నతోనే సగం తేలిపోతుంది. మా బాపు ముప్పై ఏళ్లుగా ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెస్తాడు. అక్కడ అడ్తిదారు తన కమీషన్ ఎప్పుడు తీసుకుంటాడు? సరుకు అమ్ముడుపోయి కాంటా అయ్యాక. బస్తాలు బండి మీద ఉండగానే "నెలనెలా ఇంత ఇయ్యి, ఎప్పుడో మంచి రేటు తెస్తా" అంటే ఏ రైతూ ఇవ్వడు. నేను ఇచ్చాను. అమెరికాలో ఈ వ్యాపారం మనకంటే చాలా ముందు నుంచి ఉంది, అక్కడా ఇదే గోల జరిగి 2010లో ఎఫ్‌టీసీ అనే వాళ్ల సంస్థ రూలు తెచ్చింది, ఫోన్‌లో అమ్మే సెటిల్‌మెంట్ కంపెనీలు కనీసం ఒక్క బాకీ అయినా తెంపకుండా ఫీజు తీసుకోకూడదని. మీ వాళ్లెవరైనా డల్లాస్‌లోనో ఇంకెక్కడో కార్డు బాకీలో ఉంటే ఈ మాట చెప్పండి. మన దగ్గర ఈ కంపెనీలకు ఆర్‌బీఐ లైసెన్సు ఇచ్చే పద్ధతి లేదు. "ఆర్‌బీఐ గుర్తింపు ఉంది" అని ఎవరైనా అన్నారంటే అది అబద్ధం, అక్కడితో ఫోన్ పెట్టేయొచ్చు.

రెండో ప్రశ్న, మీ లాయర్ ఎవరు, ఏ బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యారు, నేను ఆయనతో మాట్లాడొచ్చా? బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం లాయర్లు ప్రకటనలు ఇచ్చి కేసులు పట్టుకోకూడదు, వచ్చిన లాభంలో ఇంత శాతమని ఫీజు మాట్లాడుకోకూడదు. తగ్గించిన మొత్తంలో పదిహేను శాతం మా లాయర్‌కు అంటే ఆ లాయర్ ఉన్నట్టా లేనట్టా మీరే ఆలోచించండి. నా విషయంలో ఏడు నెలల్లో ముగ్గురు "లీగల్ ఆఫీసర్లు" మారారు, ఒక్కరి ఇంటిపేరు కూడా నాకు తెలియదు.

మూడోది, సెటిల్‌మెంట్ కోసం నేను దాచే పైసలు ఎవరి ఖాతాలో ఉంటాయి? మీ ఖాతాలో కాదంటే వద్దు. నాలుగోది, ఏమీ కాకపోతే వాపసు ఎంత, ఎన్ని రోజుల్లో? ఇది కాగితం మీద అడగండి. నా అగ్రిమెంట్ పదకొండు పేజీలు, ఇంగ్లీషు, తొమ్మిదో పేజీలో కింద చిన్న అక్షరాల్లో ఉంది, కంపెనీ "ప్రయత్నం" మాత్రమే చేస్తుంది, ఫలితానికి హామీ లేదు, కట్టిన ఫీజు తిరిగి రాదు. నేను ఫోన్‌లో ఓటీపీ చెప్పి దాని మీద సంతకం పెట్టినట్టు అయింది.

అందరూ మోసగాళ్లే అనను. మా స్టాఫ్ రూమ్‌లో ఒకాయనకు ఇంకో కంపెనీ నిజంగానే ఒక కార్డు తెంపించింది, ఫీజు కూడా పని అయ్యాకే తీసుకుంది. కానీ వాళ్లు చేసిన పనేంటని కూర్చుని విడగొట్టి చూస్తే రెండు ఈమెయిళ్లు, నాలుగు ఫోన్లు, ఒక లెటర్. అది మీరు చేసుకోగలరు.

ఫోన్ల సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మనుషులు కంపెనీలో చేరేది బాకీ తగ్గుతుందని కాదు, ఫోన్లు ఆగుతాయని. ఆగవు. ఏ కంపెనీ కూడా బ్యాంకు ఫోన్లను ఆపలేదు, కొందరు మీ ఫోన్‌ను వాళ్ల నంబర్‌కు ఫార్వర్డ్ చేయిస్తారు, అప్పుడు మీకు వినపడదు అంతే, బ్యాంకు వాళ్లు ఇంటికి బయల్దేరతారు. మా ఇంటికి అలాగే వచ్చాడు ఒకతను. నయీంనగర్‌లో మా గల్లీ చివర కిరాణం షాపు ముందు బెంచీ మీద కూర్చుని, షాపాయనను "ఆ లెక్కల సార్ ఇల్లు ఇదేనా, మంచిగుంటడా సార్" అని పది నిమిషాలు ముచ్చట పెట్టి, మా ఆవిడ పాల ప్యాకెట్ కోసం వచ్చేసరికి లేచి నిలబడి "నమస్తే అక్కా, అన్న ఫోన్ ఎత్తుతలేడు" అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఆ సాయంత్రం మా ఆవిడ అన్నం వండలేదు.

అలాంటప్పుడు ఏం చేయాలంటే, రికవరీ ఫోన్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదు, 2022 ఆగస్టులో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ఇది. బెదిరించడం, నలుగురిలో పరువు తీయడం, ఇంట్లో వాళ్ల, స్నేహితుల జోలికి పోవడం కూడా కుదరదని అందులోనే ఉంది. వచ్చిన మనిషి దగ్గర గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్ ఉండాలి, రెండూ అడిగి ఫొటో తీసుకోండి. ఫోన్ వస్తే ఎత్తండి, రికార్డు చేయండి, నోట్‌బుక్‌లో తేదీ, టైమ్, పేరు, ఏమన్నాడు అని ఒక్క లైన్ రాయండి. ఎత్తకుండా తప్పించుకుంటేనే వాడు బెంచీ మీద కూర్చుంటాడు. నేను ఎత్తడం మొదలుపెట్టి "ఇంత తేదీకి రాతపూర్వకంగా ఆఫర్ పెడుతున్నాను, మీ మేనేజర్ ఈమెయిల్ ఇవ్వండి" అని ఒకే మాట చెప్తూ పోయాక ఫోన్లు రోజుకు పన్నెండు నుంచి రెండుకు వచ్చాయి.

మితిమీరితే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, ఫీజు లేదు, 14448కు ఫోన్ చేసినా ఎలాగో చెప్తారు. ఆ నోట్‌బుక్ పనికొచ్చేది అక్కడే. ఫొటోలు మార్ఫింగ్ చేసి బంధువులకు పంపే లోన్ యాప్ వాళ్లయితే ఇవేవీ ఆలోచించొద్దు, నేరుగా 1930, సైబర్ క్రైమ్.

నోటీసుల విషయంలో మాత్రం నిర్లక్ష్యం వద్దు. వాట్సాప్‌లో ఎర్ర అక్షరాలతో, త్రాసు బొమ్మతో వచ్చే "అరెస్ట్ వారంట్"లు చాలావరకు భయపెట్టడానికే. రిజిస్టర్డ్ పోస్టులో వచ్చేది వేరు. చెక్కు ఇచ్చి అది బౌన్స్ అయితే సెక్షన్ 138 కింద కేసు కావచ్చు, నోటీసు అందిన 15 రోజుల్లో కట్టే అవకాశం ఇస్తారు. ఆటో డెబిట్ బౌన్స్ అయినా 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం సెక్షన్ 25 కింద అలాంటిదే కేసు పెట్టొచ్చు, రెండింటికీ రెండేళ్ల దాకా జైలు శిక్ష రాసి ఉంది. "ఈఎంఐ ఆపండి, ఏం కాదు" అని చెప్పిన అమ్మాయి నాకు ఈ సెక్షన్ల పేరు చెప్పలేదు. ఇలాంటి నోటీసు వస్తే కంపెనీ లీగల్ ఆఫీసర్‌కు ఫార్వర్డ్ చేసి ఊరుకోకండి, మన ఊళ్లో లాయర్‌కు చూపించండి. పైసలు లేకపోతే హన్మకొండ అదాలత్ దగ్గర కోర్టుల్లోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, ఆదాయం తక్కువున్న వాళ్లకు లాయర్‌ను ఉచితంగా ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా చెప్తారు.

అదే చోట లోక్ అదాలత్ కూడా జరుగుతుంది. బ్యాంకు నుంచి లోక్ అదాలత్ నోటీసు వస్తే జనం బెదిరిపోతారు, నిజానికి అది మంచి వార్త. కోర్టు ఫీజు ఉండదు, బ్యాంకు వాళ్లు తగ్గించే ఆలోచనతోనే వస్తారు, ఒప్పుకుంటే అక్కడికక్కడే అవార్డు రాస్తారు. ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కాబట్టి కట్టలేని మొత్తానికి మొహమాటపడి తల ఊపొద్దు.

"ఐపీ పెడితే పోలే?" అని మా తమ్ముడు అడిగాడు. వరంగల్ బజార్‌లో వ్యాపారం దెబ్బతిన్నవాళ్లు ఐపీ పెట్టడం చిన్నప్పటి నుంచి వింటున్నదే. అది 1920 నాటి దివాలా చట్టం కింద కోర్టులో నడిచే వ్యవహారం, ఆస్తులన్నీ కోర్టు ముందు పెట్టాలి, ఏళ్లు పడుతుంది. రెండు కార్డుల బాకీకి దానిదాకా పోనక్కర్లేదు.

ఇక అసలు పని, బేరం. పైసలు చేతిలో లేకుండా బేరానికి కూర్చోవద్దు. కంపెనీ నాకు చేసిన అతి పెద్ద నష్టం ఇదే అనిపిస్తుంది, ఆ 40,500 నా చేతిలో ఉండి ఉంటే రెండో కార్డు అప్పుడే సగం పైగా తెగిపోయేది. నెలనెలా ఎంత వీలైతే అంత వేరే బ్యాంకులో దాచండి. వేరే బ్యాంకు అని ఎందుకంటున్నానంటే, మీ బాకీ, మీ జీతం ఒకే బ్యాంకులో ఉంటే ఆ ఖాతాలోంచి వాళ్లు తీసేసుకోవచ్చు. మా కాలేజీలో ఒకాయన జీతం పడ్డ రోజే అలా మాయమైంది, కిరాయి కట్టడానికి చేబదులు తీసుకున్నాడు.

కాస్త జమయ్యాక బ్యాంకుకు లెటర్ రాయండి. ఇంగ్లీషు బాగా రాకపోయినా ఫర్వాలేదు, ఒక పేజీ దాటొద్దు. ఖాతా నంబర్, ఎందుకు కట్టలేకపోయారు, ఇప్పుడు ఆదాయం ఎంత, ఒకేసారి ఎంత కట్టగలరు, ఎన్ని రోజుల్లో. జీతం తగ్గిన కాగితం, ఆసుపత్రి బిల్లులు, ఏదుంటే అది జత చేయండి, ఆధారం లేని కష్టం వాళ్లు రోజూ వింటారు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఇలా రాజీ చేసుకోవడానికి బోర్డు ఆమోదించిన పాలసీ పెట్టుకోవాలని 2023 జూన్‌లో ఆర్‌బీఐ చెప్పింది, కాబట్టి "మా దగ్గర అలాంటిది లేదు" అని కౌంటర్‌లో కుర్రాడు అంటే, బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కు ఈమెయిల్ పెట్టండి.

నేను నక్కలగుట్టలో బ్రాంచికి పోయాను. మేనేజర్ లేడు, లోన్ల సీటు మేడమ్ ఉంది. కంప్యూటర్‌లో చూసి, "మీ తరఫున ఏదో కంపెనీ మెయిల్ పెట్టింది, మీ సంతకం లేదు, మేము పక్కన పెట్టేశాం" అంది. నేను లెటర్ ఇచ్చాను. 2,10,000కు 80,000 అన్నాను. ఆమె నవ్వలేదు, "పైకి పంపిస్తా" అంది. పది రోజులకు 1,60,000 అని మెయిల్ వచ్చింది. నేను మళ్లీ 95,000 అన్నాను, ఈసారి ఖాతాలో ఉన్న పైసల స్టేట్‌మెంట్ జత చేశాను. ఫిబ్రవరి ఆఖరుకు 1,15,000 దగ్గర ఆగింది. మార్చిలో పద్దులు మూసే ఒత్తిడి వాళ్లకూ ఉంటుంది, అది మీకు కలిసొస్తుంది. మొదటి మాటకే ఒప్పుకోకండి, అలాగని మిర్చి యార్డులో లాగా అరిచి బేరమాడితే పని కాదు, అక్కడ ఎదుటి మనిషి చేతిలో నిర్ణయం ఉండదు, ఆమె పైకి పంపే కాగితం బలంగా ఉండాలి.

రెండో కార్డు కూడా ఇలాగే తెగింది. పర్సనల్ లోన్ మాత్రం సెటిల్ చేయలేదు, గడువు పెంచి కిస్తీ తగ్గించుకుని ఇప్పటికీ కడుతున్నాను, అన్నీ "సెటిల్డ్" అయితే రేపు పిల్ల చదువు లోన్‌కు ముఖం చెల్లదు.

ఒప్పుకున్నాక ఒక్క రూపాయి కట్టే ముందు లెటర్ చేతికి రావాలి. ఏజెంటు వాట్సాప్‌లో "అయిపోయింది అన్నా, కట్టేయ్" అంటే కాదు. లెటర్‌ను కూర్చుని చదవండి, నేను స్కేలు పెట్టి లైను లైను చదివాను. బ్యాంకు లెటర్‌హెడ్ ఉందా, లేక ఏజెన్సీదా? నా ఖాతా నంబర్ చివరి నాలుగు అంకెలు సరిగ్గా ఉన్నాయా? మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా? ఏ తేదీలోపు? ఆ తేదీ ఒక్కరోజు దాటినా ఆఫర్ రద్దని సాధారణంగా రాస్తారు. "పూర్తి, తుది పరిష్కారం" అనే మాట ఉందా? నాకు మొదట వచ్చిన దాంట్లో ఆ మాట లేదు, "పార్ట్ పేమెంట్" అని ఉంది, అది కట్టి ఉంటే మిగతా 95,000 నెత్తి మీదే ఉండేది. మార్పించుకోవడానికి మూడుసార్లు పోయాను. కేసు వేసి ఉంటే ఉపసంహరించుకుంటామని కూడా ఉండాలి. కట్టడం లోన్ ఖాతాలోకే, ఏజెంటు సొంత యూపీఐకి ఎట్టి పరిస్థితుల్లో వద్దు, "రేపటికి ఆఫర్ పోతది అన్నా" అని ఎంత తొందరపెట్టినా సరే.

కట్టిన తర్వాత రసీదు, ఆపైన ఇక బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. తాకట్టు కాగితాలేమైనా ఉంటే పూర్తిగా తెగిన 30 రోజుల్లో తిరిగివ్వాలి, ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున ఇవ్వాలని 2023లో ఆర్‌బీఐ పెట్టింది. నెలన్నర ఆగి క్రెడిట్ రిపోర్టు మళ్లీ తీయండి. ఇంకా బాకీ చూపిస్తుంటే ఫిర్యాదు పెట్టండి, 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయలు మీకు రావాలి. సెటిల్ చేసిన బ్యాంకు కనీసం 12 నెలలు మీకు కొత్త లోన్ ఇవ్వదు, వ్యవసాయ లోన్లకు ఈ లెక్క వేరు. మిగతా బ్యాంకులు కూడా రిపోర్టు చూసి మొహం తిప్పుకుంటాయి, దానికి సిద్ధంగా ఉండండి. రిపోర్టులోంచి ఆ మాట తీసేయిస్తామని ఇంకో రకం కంపెనీలు ఫోన్ చేస్తాయి. అది వేరే ఊబి.

ఇప్పటికే కంపెనీలో చేరిపోయిన వాళ్లకు: ఇవాళే ఫోన్‌లో ఆటోపే మాండేట్ రద్దు చేయండి. తర్వాత మీరు ఇచ్చిన అధికార పత్రం రద్దు చేస్తున్నానని కంపెనీకి ఒక ఈమెయిల్, అదే కాపీ బ్యాంకుకు. ఫీజు వాపసు అడుగుతూ ఇంకో ఈమెయిల్, వాళ్లు ఇచ్చిన హామీల స్క్రీన్‌షాట్లతో. కదలకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, 5 లక్షల లోపు సేవలకు ఫిర్యాదు ఫీజే లేదు, రెండేళ్లలోపు పెట్టాలి, లాయర్ లేకుండా మీరే పెట్టొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా. "ఫీజు తిరిగి రాదు" అని సంతకం పెట్టాం కదా అని ఆగిపోవద్దు, వాళ్లు చెప్పిన పని చేయలేదన్నదే మీ వాదన. నేను 1915లో పెట్టిన మూడు వారాలకు వాళ్ల మేనేజర్ నుంచి, మొదటిసారి అసలు పేరుతో, ఫోన్ వచ్చింది. 22,000 వెనక్కి వేశారు. మిగతాది కమిషన్‌లో తేల్చుకుందామనుకున్నాను గాని ఇంటర్ పరీక్షల పేపర్లు దిద్దే డ్యూటీ వచ్చి పడింది, బద్ధకించాను, గడువు దాటిపోయింది. మీరు అలా చేయకండి.

కాగితాలన్నీ ఒక ఫైల్‌లో పెట్టి, స్కాన్ తీసి ఈమెయిల్‌లో దాచండి. కార్డు తెగిన పద్నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే కొత్త ఏజెన్సీ నుంచి ఫోన్, అదే కార్డు, ఈసారి 2,64,000 అట. నేను మాటేం మాట్లాడకుండా లెటర్, రసీదు, నో డ్యూస్ మూడూ పంపించాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. కాసేపటికి "ఓకే సార్, సారీ సార్" అని వచ్చింది.